తీపి చేసిన కబురు

అనగనగా ఒక అడవిలో వాగులన్నీ ఎండిపోయి, ఒక్క మడుగు మిగిలింది. దానికోసం రేచుకుక్కలూ అడవిపందులూ కొట్టుకుని చచ్చాయి. చచ్చినవి చావగా మిగిలినవి రాజీకి ఒప్పుకున్నాయి. ఎదురుపడితే మళ్ళీ కరుచుకుంటాయి కదా, అందుకని కబుర్లు మోయడానికి ఏదులయ్య అనే ముళ్ళపందిని పెట్టుకున్నాయి.

ఏదులయ్యకి అందరిచేతా మంచివాడనిపించుకోవాలని తెగ ఆరాటం. నాకూ ఉందిలే ఆ జబ్బు, పిల్లలూ. అందుకే మీ అమ్మ నా మాట ఒక్కటీ నమ్మదు.

మొదటి రోజు పందుల పెద్ద బూదమ్మ అంది: "ఆ ఎర్రమూతి దొంగలకి చెప్పు. మా పిల్లల వంక చూస్తే పొట్టలు చీల్చేస్తాం."

ఏదులయ్య వెళ్ళి రేచుకుక్కల నాయకుడు కెంపన్నతో, "బూదమ్మ నీ క్షేమం అడిగింది అన్నా. పిల్లల్ని కాస్త కనిపెట్టి ఉండమంది" అన్నాడు.

రెండో రోజు కెంపన్న అన్నాడు: "మా వేటలో మూతి పెడితే ముట్టెలు కొరికేస్తామను."

ఏదులయ్య బూదమ్మతో, "మీ ముట్టెలు చల్లగా ఉండాలన్నాడమ్మా" అన్నాడు. రాజీ మొదలయ్యాక ఆమె నవ్వింది అప్పుడే.

మూడో రోజు కెంపన్న గొంతు తగ్గించాడు. "మా కుర్రాళ్ళు నా చేతిలో లేరయ్యా. పొద్దు నడినెత్తి దాటాక మడుగు దగ్గర ఎవరు కనబడినా వదలరు. పసిపిల్లలైనా సరే. ఈ మాట ఉన్నదున్నట్టు చెప్పు."

ఉన్నదున్నట్టు చెబితే బూదమ్మ భగ్గుమంటుంది. రాజీ పోతుంది, తన మంచిపేరూ పోతుంది. దారి పొడుగునా ఏదులయ్యకి ఇదే గుబులు.

"ఏమన్నాడయ్యా?" అంది బూదమ్మ.

"ఏముందమ్మా, వీలైతే పొద్దున్నే రమ్మన్నాడు."

"వీలుకాకపోతే?"

"వాళ్ళేమీ అనుకోరులే."

మర్నాడు బూదమ్మ చిన్నపిల్ల కాలికి ముల్లు దిగింది. అది కుంటుతూ నడిచేసరికి పొద్దు వాలింది. ముగ్గురు పిల్లలతో మడుగుకి వెళ్ళిన బూదమ్మ ఒక్కతే తిరిగొచ్చింది.

"వాళ్ళు ముందే చెప్పారా?" అని ఏదులయ్యని అడిగింది.

"చెప్పారమ్మా. నువ్వు బాధపడతావని..."

"బాధపడేదాన్నే," అంది బూదమ్మ. "బాధపడి, పొద్దున్నే తీసుకెళ్ళేదాన్ని."

ఆ సాయంత్రమే పోరు మళ్ళీ మొదలైంది. రెండు రోజులకి నెత్తురు కలిసి మడుగులో నీళ్ళు ఎవరూ తాగేట్టు లేవు.

నీతి: రాజీ కబురు మోసేవాడు చేదుమాటని చేదుగానే చేర్చాలి. తీపి చేస్తే మెప్పు వాడికి, చావు ఇంకొకరి పిల్లలకి.