దీవెనమ్మ దాటిన ముళ్ళకంచె

అనగా అనగా, మన తాతల తాతలు ఉయ్యాలల్లో ఊగే రోజుల్లో, కొండల నడుమ ఒక చిన్న రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో ఒక కఠినమైన కట్టుబాటు. ఏ పేటలో విషజ్వరం పుట్టినా దాని చుట్టూ ముళ్ళకంచె వేయించేవారు. లోపలివారు బయటికి రాకూడదు. బయటివారు కంచె దాటితే వారి ఇల్లు రాజుగారి పరం, జ్వరం పోయేదాకా వారికీ తిరుగుదారి లేదు.

ఆ రాజ్యంలో, ఏటి ఒడ్డున, దీవెనమ్మ అనే ఆవిడ పేలాలు వేయించి అమ్ముకునేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. క్రీస్తు ప్రభువును నమ్ముకున్న మనిషి. ఆమె పొయ్యి ఎన్నడూ ఆరేది కాదు గనుక, తెల్లవారితే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అక్కడినుంచే నిప్పు పట్టుకుపోయేవారు. కారే తాటాకు కప్పు కింద సగం బతుకు గడిపి, ఆ ఏడే పెంకుటిల్లు వేసుకుంది. వాన పడిన రాత్రి పొడి చాప మీద పడుకుని స్తోత్రం చెప్పుకునేది. పాపం, ఆ సుఖం ఆమెకు కొత్త.

అంతలో ఏటి అవతలి పేటలో జ్వరం పుట్టింది. ముళ్ళకంచె లేచింది.

దీవెనమ్మ మొదట బియ్యం మూటను కంచె పైనుంచి లోపలికి జారవిడిచింది. మర్నాడు చూస్తే మూట పడినచోటే ఉంది. రెండోసారి గంజికుండను కర్రతో లోపలికి నెట్టింది. దానికి చీమలు పట్టాయి. మూడోసారి కంచె ఇవతల మోకరించి గట్టిగా ప్రార్థన చేసింది. తన వంతు తాను చేశానని కాస్త తృప్తి కూడా పడింది.

అప్పుడు లోపలినుంచి ఒక ముసలి గొంతు నీరసంగా పలికింది. "నీ ప్రార్థన వినబడుతోంది తల్లీ. కానీ మా పొయ్యిల్లో నిప్పు లేదు. లేచి గుక్కెడు నీళ్ళు పోసే మనిషి లేదు."

ఆ మాట దీవెనమ్మ గుండెలో ములుకులా దిగింది. ఇంటికి వచ్చి గడప మీద కూలబడి ఏడ్చింది. చావంటే భయం వేసింది. ఇల్లు పోతుందని తలెత్తి కొత్త పెంకుల వంక చూసుకుంది. చాలాసేపటికి లేచి, కుండలోకి నిప్పులెత్తుకుని, తలుపు దగ్గరగా వేసి ఏరు దాటింది.

కంచె దగ్గర తలారి దానయ్య అడ్డం నిలిచాడు. దేవుడు ప్రాణమిచ్చింది చేజేతులా పారేసుకోవడానికా అని మందలించాడు. కొత్త ఇంటి సంగతి గుర్తుచేశాడు.

"నాకూ భయంగానే ఉంది దానయ్యా," అంది దీవెనమ్మ. "కానీ నా ప్రభువు నాకోసం వచ్చినప్పుడు, కంచె ఇవతలే నిలబడి వెనక్కి పోలేదు గదా."

దానయ్య తల దించుకుని దారి ఇచ్చాడు.

ఆమె ఇంటింటా పొయ్యి రాజేసింది. గంజి కాచి నోట్లో పోసింది. మలమూత్రాలు ఎత్తింది. పోయినవారి కళ్ళు మూసింది. మిగిలినవారు ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. చివరి మనిషి లేచేసరికి జ్వరం దీవెనమ్మను పట్టుకుంది. కంచె ఇవతలకు మాట పంపిన ఆ ముసలావిడ గుడిసెలో, ఆవిడ ఒడిలోనే ఆమె కన్నుమూసింది.

కబురు తెలిసి రాజుగారు వచ్చారు. జ్వరంతో పోయినవారిని ఎవరూ తాకకూడదు, గుడిసెతో సహా తగలబెట్టాలన్నది ఆనవాయితీ. భటులు కాగడాలు వెలిగించారు. పేట జనమంతా వచ్చి గుడిసె చుట్టూ నిలబడ్డారు.

ముసలావిడ కర్ర ఊతంతో ముందుకు వచ్చింది. "మేం బతికుండగానే మమ్మల్ని ముట్టుకోవడానికి అందరూ జంకారు మహారాజా. ఆవిడ ముట్టుకుంది. ఆవిడను మేమే మోస్తాం."

రాజు చెయ్యెత్తి కాగడాలు ఆర్పించాడు. పాడె కంచె దగ్గరకు వచ్చేసరికి దానయ్య వట్టి చేతులతో ముళ్ళు లాగి పారేశాడు. రాజు గుర్రం దిగి వెనకాలే నడిచాడు. ఆనాటినుంచి ఆ రాజ్యంలో ఎక్కడ జ్వరం పుట్టినా, ముందుగా వెళ్ళేది మందు ఇచ్చేవారూ గంజి కాచేవారూను.

కాబట్టి పిల్లలూ, ప్రభువు వెంట నడుస్తామనేవారు మొదట దాటవలసింది తమ గడపనే.