ఉప్పు సరిపోయిందా?

1978లో, రోహిణి కార్తె ఎండల్లో, సాంబయ్య తన గురువు కోటిలింగాన్ని ఒక ప్రశ్న అడిగాడు. "ఎదుటివాళ్ళ మనసు నొప్పించకూడదని ఆడిన అబద్ధం కూడా అబద్ధమేనా అయ్యా?" కోటిలింగం వృత్తికి దర్జీ. ఎవరేమడిగినా వెంటనే జవాబివ్వడం ఆయనకు అలవాటు లేదు. కుడుతున్న చొక్కా మీంచి తలెత్తకుండానే, "ముందు అన్నం తిను" అన్నాడు.

ప్రతి గురువారం ఆయన ఇంటి ముందు తాటాకు పందిట్లో పదిహేను మంది దాకా చేరి తత్వాలు పాడుకునేవారు. వాళ్ళకు వండిపెట్టేది వెంకాయమ్మ. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆ ఒక్కపూట వంట కోసమే మిగిలిన ఆరు రోజులూ గడుపుతున్నట్టుండేది. వేసవి వస్తే మామిడికాయ పులిహోర, ముద్దపప్పు, కుండలో చిలికిన మజ్జిగ. గురువు తినకముందు రుచి చూస్తే ఎంగిలవుతుందని నాలుక మీద చుక్క వేసుకునేది కాదు. అందరూ తిని లేచాకే తను కూర్చునేది.

కిందటేడు విషజ్వరం వచ్చి ఆమె నాలుకకు రుచి పోయింది. పోయిందని ఆమెకు తెలియదు. తన విస్తట్లో పులిహోర చప్పగా ఉంటే, వయసు మీదపడి చెయ్యి తప్పుతోందనుకుంది. పై వారం ఇంకొంచెం ఉప్పు వేసింది. అప్పుడూ చప్పగానే ఉంది. ఆ పై వారం ఇంకొంచెం. అనుమానం తీరక వడ్డించిన ప్రతిసారీ అడిగేది, "ఉప్పు సరిపోయిందా అయ్యా?" అని. "సరిగ్గా సరిపోయిందమ్మా" అనేవాడు గురువు. ఆయన అన్నాక కాదనే వాళ్ళెవరు?

ఆ రోజు మొదటి ముద్దకే సాంబయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనే మిల్లు రంగయ్య మూడో చెంబు నీళ్ళు ఎత్తి తాగుతున్నాడు.

"ఏం రంగయ్యా, బావి తోడేస్తావా ఏంటి?" అంది వెంకాయమ్మ.

"ఎండ పిన్నీ, ఎండ! నీ చేతివంటలో సగం మా ఆవిడకొస్తే నేనీ పందిట్లో ఎందుకుంటాను?"

అందరూ నవ్వారు. వెంకాయమ్మ మురిసిపోయింది. గురువు మారు వడ్డించమన్నాడు.

సాంబయ్యకు ఒళ్ళు మండింది. తన ప్రశ్నకు జవాబిచ్చే ధైర్యం గురువుకు లేదని తేల్చుకున్నాడు. భోజనాలయ్యాక, అంట్లు తోముతున్న ఆమె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"పిన్నీ, వంట ఉప్పు కషాయంలా ఉంటోంది. ఏడాదిగా ఎవరూ తినలేకపోతున్నారు."

ఆమె చేతిలో గిన్నె ఆగింది. "రంగయ్య కూడానా?"

"అందరూనూ."

"నేను అడుగుతూనే ఉన్నాను గదరా. ప్రతి వారం అడిగాను." గిన్నె కింద పెట్టింది. "అయ్యగారు కూడానా?"

సాంబయ్య తలూపాడు. ఆమె తోమిన గిన్నెలు బోర్లించి, కొంగు తలమీదికి లాక్కోవడం కూడా మరచి, ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇంటికి నడిచిపోయింది.

పై గురువారం ఆమె రాలేదు. సాంబయ్య వెతుక్కుంటూ వెళ్ళాడు. పొయ్యిలో బూడిద చల్లారి ఉంది. ఆమె గోడకు చేరగిలబడి కూర్చుంది. జ్వరం తర్వాత నాలుక పాడై ఉంటుందనీ, అది తప్పు కాదనీ నచ్చజెప్పాడు. చివరకు బతిమాలాడు. "నువ్వు వండు పిన్నీ. నేను పక్కనుండి రుచి చూసి చెబుతాను."

"సరిపోయిందని నువ్వంటే నేనిక నమ్మగలనా నాయనా?" అంది ఆమె. కోపంగా అనలేదు. నిజంగా తెలియకే అడిగింది.

సాంబయ్య తిన్నగా గురువు దగ్గరికి వచ్చాడు. "నేను చెప్పింది నిజమే కదా అయ్యా?" అన్నాడు.

కోటిలింగం కుడుతున్న బట్ట పక్కన పెట్టాడు.

"నిజమే. మొదటి వారం నేను చెప్పి ఉంటే చిటికెడు ఉప్పుతో పోయేది."

వెంకాయమ్మ మళ్ళీ పొయ్యి వెలిగించలేదు. ఇరుగుపొరుగు పెట్టింది తిని పదకొండు నెలలు బతికింది.