బొంతమ్మకు దొరికిన ముళ్ళ తోడు

అనగనగా ఒక అడవి ఉండేది. ఆ అడవిలో నీళ్ళకు ఎద్దడి వచ్చేది, పళ్ళకు ఎద్దడి వచ్చేది, సలహాలకు మాత్రం ఏనాడూ ఎద్దడి రాలేదు.

ఆ అడవిలో వాగు ఒడ్డున ఉన్న గుహలో బొంతమ్మ అనే ఎలుగుబంటి కాపురముండేది. దానికి మిణుకు అని ఒక్కగానొక్క కూతురు. ఎలుగుబంటి పిల్లలు నడక నేర్చాక కూడా చాలాకాలం తల్లి వీపు దిగవు పిల్లలూ! దట్టమైన బొచ్చు గట్టిగా పట్టుకుని దర్జాగా ఊరేగుతాయి. మిణుకూ అంతే. తిన్నా ఆ వీపు మీదే, నిద్రపోయినా ఆ వీపు మీదే.

బొంతమ్మ మంచిదే. కాకపోతే ఒక అలవాటు ఉంది. గుహకు కాస్త దూరంలో ఒక ఇప్పచెట్టు, దాని కింద బండలో ఒక గుంత ఉన్నాయి. రాలిన ఇప్పపువ్వు ఆ గుంతనీళ్ళలో నాని, ఎండకు పులిసి, ఘాటైన కల్లు అయ్యేది. మొదట్లో బొంతమ్మ పండగపూట తాగేది. తరవాత ఒళ్ళు నొప్పులుంటే తాగేది. ఆ తరవాత సాయంత్రమైతే చాలు, నొప్పులు వాటంతటవే వచ్చేవి.

తాగాక బొంతమ్మ వెనక కాళ్ళ మీద లేచి చిందులేసేది. చూడ్డానికి అడవి అడవంతా వచ్చేది. చిందులయ్యాక, "మీరంతా నా వాళ్ళే!" అంటూ పొద్దంతా కష్టపడి దింపిన తేనెపట్టును ముక్కలు చేసి పంచిపెట్టేది. సుబుద్ధి అనే నక్కకు పెద్ద ముక్క దక్కేది. తోకేశ్వరం అనే కొండముచ్చుకు దాని తరవాతి ముక్క. ఆ రెండూ మూతులు నాక్కుంటూ, "పాపం, బొంతమ్మ పాడైపోతోంది" అని ఎంతో బాధపడేవి.

ఒక సాయంత్రం బొంతమ్మ వాగు వెంబడి తూలుకుంటూ వచ్చి గుహలో పడి నిద్రపోయింది. తెల్లారి చూసుకుంటే వీపు మీద పిల్ల లేదు. బయటికి పరుగెత్తింది. గుహ ముందు మిణుకు తడిసి ముద్దై, ఒక కాలు ఎత్తి పట్టుకుని కూర్చుని ఉంది.

"ఎక్కడికి పోయావే తల్లీ?" అంది బొంతమ్మ.

"నేనెక్కడికీ పోలేదమ్మా. వాగులో పడిపోయాను. పిలిచాను కూడా. నువ్వే వెళ్ళిపోయావు," అంది మిణుకు.

ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేదని బొంతమ్మకు అనిపించింది.

ఆ రోజు నుంచి మిణుకు తల్లి వీపు ఎక్కలేదు. బొంతమ్మ వంగి "ఎక్కవే" అంటే, ముందు తల్లి మూతి దగ్గరికి వచ్చి వాసన చూసేది. తరవాత "నడుస్తాలే అమ్మా" అని కుంటుకుంటూ వెనకాలే వచ్చేది.

తొలకరి దగ్గరపడుతోంది. వానలు కురిస్తే వాగు పొంగి ఒడ్డున ఉన్న గుహలూ బొరియలూ మునిగిపోతాయి. అవతలి కొండకు దాటాలి. వాగేమో పిల్లకు నిలువులోతు. పిల్లేమో తల్లి వీపు ఎక్కదు. బొంతమ్మకు ముద్ద దిగలేదు. "ఇక తాగను," అని గట్టిగా అనుకుంది.

అనుకోవడమే కాదు, ఒక పెద్ద బండరాయిని దొర్లించుకొచ్చి గుంతను మూసేసింది. "చెదపుట్టల్ని ఒంటిచేత్తో పగలగొట్టేదాన్ని, ఇదొక లెక్కా నాకు!" అనుకుంటూ ఇంటికి పోయింది. రాయి బరువైనదే. కదిలించగల జంతువు ఆ అడవిలో ఇంకొకటి లేదు. కాకపోతే సాయంత్రానికి అక్కడికి వచ్చింది బొంతమ్మే. రాయి వచ్చిన దారినే వెనక్కి దొర్లిపోయింది.

ఈ సంగతి విని నక్క వచ్చింది. "అక్కా, ఇలాంటి మంచి పని చాటుగా చేస్తే ఎలా? పదిమందిలో చెప్పు. పంతం నిలబడుతుంది. సభ సంగతి నేను చూసుకుంటాను," అంది.

సభ బ్రహ్మాండంగా జరిగింది. తాగుడు వల్ల కలిగే నష్టాల గురించి నక్క ఎండ తిరిగేదాకా మాట్లాడింది. కొండముచ్చు అడవిమల్లెల దండ వేసింది. "ఈ రోజు నుంచి చుక్క ముట్టను!" అని బొంతమ్మ అనగానే అందరూ చప్పట్లు కొట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఆ సభకు రానిది ముళ్ళవ్వ అనే ముసలి ముళ్ళపంది ఒక్కటే. అది ఎవరితోనూ పెద్దగా కలవదు. కలిసినా దాని పక్కన కూర్చునేవాళ్ళు లేరు.

చప్పట్లు ఆగాక కొండముచ్చు మోదుగాకు దొప్పలు పంచింది. దొప్పల నిండా ఇప్పకల్లు.

"ఇదేమిటి?" అంది బొంతమ్మ.

"ఇంత మంచి రోజున గొంతు తడుపుకోకపోతే ఎట్లా వదినా! ఒక్క దొప్ప. నువ్వు మానేసినందుకు!" అంది కొండముచ్చు.

దండ వేసినవాళ్ళను కాదంటే ఏం బాగుంటుంది? బొంతమ్మ ఒక దొప్ప తాగింది. మర్యాద కోసం ఇంకొకటి తాగింది. ఆ తరవాతి దొప్పకు కారణం ఎవరూ అడగలేదు. మెడలో దండతోనే చిందులేసింది. తేనెపట్టు పంచింది. మిణుకు చెట్టు చాటు నుంచి కాసేపు చూసి, ఒంటరిగా గుహకు నడిచిపోయింది.

మర్నాడు నక్క అందరితో, "మనం చెయ్యాల్సిందంతా చేశాం. నిలబెట్టుకోవడం దానికి చేతకాలేదు," అంది. అందరూ అవునవునన్నారు. తేనె తిన్నవాళ్ళు ఇంకాస్త గట్టిగా అన్నారు.

బొంతమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ రోజు ఎవరి ముఖమూ చూడబుద్ధి కాక, ఎవరూ రాని దారి వెతుక్కుంటూ పోతే, ఆ దారి ముళ్ళవ్వ బొరియ దగ్గర తేలింది. ముళ్ళవ్వ గడ్డలు తవ్వుకుంటోంది. బొంతమ్మ ఒక గడ్డను కాలితో అటూ ఇటూ దొర్లించింది. పుట్టలు పగలగొట్టడం, బండలు దొర్లించడం వచ్చుగానీ, అడగడం దానికి అలవాటు లేదు.

చివరికి, "నావల్ల కావట్లేదవ్వా," అంది.

"సభలో మానేశానన్నావట కదే?" అంది ముళ్ళవ్వ తవ్వడం ఆపకుండానే.

"అది సభలో," అంది బొంతమ్మ. "ఇంటికి పోతే నా పిల్ల నా మూతి వాసన చూస్తోందవ్వా."

ముళ్ళవ్వ తవ్వడం ఆపింది. "నేనూ ఒకప్పుడు ఆ గుంత దగ్గర పడి దొర్లినదాన్నే."

"మరి ఎన్నాళ్ళయింది మానేసి?"

"ఈ పూట గడవనీ, చెబుతా," అంది ముళ్ళవ్వ. "పొద్దు వాలేసరికి ఇక్కడికి రా. నువ్వు రాకపోతే నేనే వస్తా."

"వచ్చి ఏం చేస్తావు?"

"పక్కన కూర్చుంటా."

"అంతేనా?"

"అంతే. నాకూ ఒక ముసలి దుమ్ములగొండి అంతే చేసింది. దానికి మంచిమాట ఒక్కటి వచ్చేది కాదు. రావడం మాత్రం మానలేదు. ఇన్నాళ్ళూ నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. అమ్మవి, ఆ మాట నీకు నేను చెప్పాలా?"

అప్పటి నుంచి సాయంత్రాలు ఆ ఇద్దరూ కలిసి గడ్డలు తవ్వేవారు. బొంతమ్మకు చెమటలు పట్టేవి, చేతులు వణికేవి. వణుకు మరీ ఎక్కువైతే ముళ్ళవ్వ దాన్ని ఏనుగు వైద్యుడి దగ్గరికి తీసుకుపోయి మందు ఇప్పించింది. "నువ్వు గొప్పదానివే" అని మాత్రం ఒక్కనాడూ అనలేదు. మధ్యలో ఒకసారి బొంతమ్మ కళ్ళుగప్పి పోయి తాగి వచ్చింది కూడా. మర్నాడు పొద్దు వాలేసరికి ముళ్ళవ్వ గుహ ముందు ఉంది. "గడ్డలకు పోదాం పద," అంది.

ఇంకోనాడు నాలుక మరీ పీకింది. బొంతమ్మ గుంత వైపు బయలుదేరింది. ముళ్ళవ్వ వచ్చి దారికి అడ్డంగా కూర్చుని ముళ్ళు లేపింది.

"తప్పుకో అవ్వా!"

"తప్పుకోను. దాటిపోగలిగితే పో."

బొంతమ్మ దాన్ని నెట్టబోయింది. అరచేతి నిండా ముళ్ళు దిగాయి. కుయ్యోమంటూ కూలబడి, పళ్ళతో ఒక్కొక్కటే పీక్కోవడం మొదలుపెట్టింది. అరిచిన అరుపుకు మిణుకు పరుగెత్తుకొచ్చింది. తల్లి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పళ్ళకు అందని ముళ్ళు తనే తీసింది. అన్నీ తీసేసరికి చీకటి పడింది. గుంత సంగతి బొంతమ్మకు గుర్తే రాలేదు.

అడవిలో మాత్రం అందరూ గుసగుసలాడుకున్నారు. "బొంతమ్మ మారిపోయింది. ఇదివరకు ఎంత కలుపుగోలుగా ఉండేది! ఇప్పుడు తేనెపట్టు తెచ్చి పిల్లకే పెడుతోంది. ఇంత స్వార్థమా!" అన్నారు.

తొలకరి వచ్చింది. రాత్రంతా కురిసి, తెల్లారేసరికి వాగు బురదనీళ్ళతో పొంగుతోంది. బొంతమ్మ గట్టున వంగి నిలబడింది. ఎక్కమని అడగడానికి ధైర్యం చాలలేదు. మిణుకు దగ్గరికి వచ్చింది. మూతి దగ్గర వాసన చూసింది. మళ్ళీ ఒకసారి చూసింది. ఆ తరవాత వీపు ఎక్కి, రెండు చేతులా బొచ్చు పట్టుకుంది. వాగు దాటుతున్నంతసేపూ బొంతమ్మ ఏడుస్తూనే ఉంది. ముఖమంతా వాననీళ్ళే కాబట్టి పిల్లకు తెలియలేదు.

పిల్లను అవతలి గట్టున దింపి వెనక్కి చూస్తే, ఇవతలి గట్టున ముళ్ళవ్వ తడుస్తూ నిలబడి ఉంది. ఏటా వానలకు ముందే చుట్టు తిరిగి మెరకకు పోయేది. ఈ ఏడాది సాయంత్రాలు తీరిక లేక ఉండిపోయింది. దాని బొరియలోకి అప్పటికే నీళ్ళొచ్చాయి.

బొంతమ్మ మళ్ళీ వాగులోకి దిగింది. ఇవతలికి వచ్చి, ముళ్ళవ్వ ముందు వంగింది. "ఎక్కు అవ్వా."

"ముళ్ళు గుచ్చుకుంటాయే పిచ్చిదానా."

"నాకు అలవాటేగా. ఎక్కు. సాయంత్రానికి నువ్వు లేకపోతే ఎట్లా?"

ముళ్ళవ్వ ఎక్కింది. కాలు జారినప్పుడల్లా ముళ్ళు దిగుతుంటే "అబ్బా, అబ్బా" అంటూ బొంతమ్మ వాగు దాటుతోంది. ఎత్తు రాతి మీద నుంచి నక్క, చెట్టుకొమ్మ మీద నుంచి కొండముచ్చు ఆ వింత చూశాయి.

"ముళ్ళపందిని వీపున మోస్తోందా!" నక్క నిట్టూర్చింది. "తెలివిలో ఉన్నవాళ్ళు చేసే పనేనా ఇది? పాపం, మళ్ళీ తాగడం మొదలుపెట్టినట్టుంది."

నీతి: "మానేశాను" అని పదిమందికి చెప్పి దండ వేయించుకోవడం కన్నా, "మానలేకపోతున్నాను, తోడు రా" అని ఒక్కరిని అడగడం మేలు. ఆ ఒక్కరికి ఒళ్ళంతా ముళ్ళున్నా ఫరవాలేదు.