రాజుగారు ముట్టిన జొన్నలు

నల్లరేగడి సీమను ఏలిన విజయ భూపతి అనే రాజుకు తన కుడిచేతి మీద మహా నమ్మకం. నిరుడు ఆయన ముట్టిన జొన్నలు వందకు ఎనభై మొలిచాయి, ముట్టనివి వందకు డెబ్బై. ఇంకేం, మంత్రి శేషప్ప చాటింపు వేయించాడు: రాజుగారు ముట్టందే ఎవరూ విత్తకూడదు.

వాన పడింది. రైతులు గంపలతో కోట ముందు బారులు తీరారు. వారం దాటితే నేలలో పదును ఆరిపోతుంది. రాజుగారేమో రోజుకు ఇరవై గంపలు ముట్టి అలసిపోయేవారు. మహిమ ఉన్న చేతికి ఓపిక లేదు మరి.

ఓబులమ్మ అనే రైతు బారులోంచి నేరుగా సభకు వచ్చింది.

"ప్రభూ, నిరుటి ఆ పది మొలకల తేడా మీ చెయ్యి తెచ్చిందా, దానంతట అదే వచ్చిందా?"

"దానంతట అదే ఎలా వస్తుందే?" అన్నాడు శేషప్ప.

"చూద్దాం, మంత్రిగారూ."

ఒకే గాదె జొన్నలు రెండు గంపల్లో పోయించింది. రాజుగారు ఒకదాన్ని ముట్టారు. వంద గింజలకో మూట చొప్పున తడి గోనెగుడ్డల్లో కట్టింది. ఏ మూట ఏ గంపదో కరణం రాసుకున్నాడు.

మూడోనాడు రెండు మూటలు విప్పింది. ఒకదాంట్లో ఎనభై ఒక్క మొలకలు, రెండోదాంట్లో డెబ్బై మూడు.

"ఎనభై ఒకటి ప్రభువులు ముట్టినవి. వేరే చెప్పాలా?" అన్నాడు శేషప్ప.

కరణం తాటాకు చూసి నసిగాడు. "రెండూ ముట్టినవేనండీ."

ఇంకో తొమ్మిది జతలు విప్పింది. అన్నీ ముట్టినవే. ఒక జతకు తేడా రెండు, ఒక జతకు పదకొండు; అంతకు మించి ఏ జతా పోలేదు.

"ఒకే గంపలో లెక్క ఇంత ఊగుతోంది ప్రభూ. కాబట్టి ముట్టినా ముట్టకున్నా ఒకటేనని మొదట అనుకుందాం. ఈసారి ముట్టిన మూట ఒకటి, ముట్టనిది ఒకటి విప్పుదాం. ముట్టినవి పన్నెండుకు మించి ఎక్కువ మొలిస్తే నా మాట తప్పు, మీ ఆజ్ఞ నిలుస్తుంది. ఇప్పుడే రాసి ముద్ర వెయ్యండి. లెక్క చూశాక గీత జరపకూడదు."

రాజుగారు ముద్ర వేశారు. చివరి జత విప్పారు. ముట్టినవి డెబ్బై అయిదు, ముట్టనివి డెబ్బై ఎనిమిది.

రాజుగారి మొహం మాడిపోయింది. "అయితే నా చెయ్యి విత్తనాన్ని చెడగొడుతోందా?"

"మూడే కదా ప్రభూ తేడా. ఆ నింద వెయ్యడానికి కూడా చాలదు."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. చాటింపు అక్కడికక్కడే రద్దయింది.

"ఏం కావాలో కోరుకో, ఓబులమ్మా."

"మీ బళ్ళు కావాలి. పొద్దు వాలేలోపు అందరం పొలాల్లో ఉండాలి."

కోటలోని బళ్ళన్నీ కదిలాయి. రాజుగారి సొంత ఎడ్ల జత ఓబులమ్మకే దక్కింది. గంపలు ఎక్కించే పని శేషప్పకు పడింది.