వేట బంగళాలో 'తెలియదు' గోడ

ప్రతి అడవికీ చెప్పుకోవడానికి ఒక గొప్ప ఉంటుంది. తూర్పుకొండ అడవి వాళ్లకు పులి ఉంది. దాని పేరు చెప్పుకుని అక్కడి కుందేళ్లు కూడా మీసాలు మెలేస్తాయి. ఏటవతలి వాళ్లకు జలపాతం ఉంది. మా పేటగుట్ట అడవిలో పులీ లేదు, జలపాతమూ లేదు. ఉన్న ఒక్క వాగూ మాఘమాసం దాటకుండానే ఎండిపోతుంది. అయినా మేము ఎవరి ముందూ తల వంచం. మాకు గ్రంథాలయం ఉంది.

నవ్వకండి. ఎప్పుడో ఒక దొర వేటకోసం కట్టించుకున్న బంగళా అది. పెద్ద హాలు, హాల్లో నిలువెత్తు గోడ, గోడ నిండా మేకులు. ఒకప్పుడు ఆ మేకులకు మా తాతముత్తాతల కొమ్ములు వేలాడేవి. దొర పోయాడు, తుపాకీ తుప్పుపట్టింది. కొమ్ముల్ని మేమే దించి మట్టి చేసుకుని, బంగళాను పుస్తకాలతో నింపాం. వాగు ఎక్కడ దాటాలి, ఏ దుంప ఏ నొప్పికి మందు, చీమలు గుడ్లు మోస్తే వాన ఎంత దూరంలో ఉన్నట్టు, అన్నీ తాటాకుల మీద ఉన్నాయి. మమ్మల్ని చంపి అలంకరించుకున్న ఇంట్లో మా చదువు కొలువుందంటే గర్వపడమా మరి!

గ్రంథపాలకురాలు ఏదుపంది సూరమ్మ. రాయడానికి కలం కావాలంటే వీపు మీంచి ఒక ముల్లు పీక్కుంటుంది. కోపం వచ్చిందంటే కలాలన్నీ ఒక్కసారే లేస్తాయి. అప్పుడు ఆవిడ దగ్గరికి ఎవరూ వెళ్లరు.

మా గ్రంథాలయానికి రెండు ఆచారాలు. మొదటిది, చెప్పినవాడిదే ముందడుగు. ఎవరైనా కొత్త సంగతి తెస్తే, అది తన ఒంటిమీద చేసి చూపించాకే తాటాకుకు ఎక్కుతుంది. అడవిపంది బోడయ్య బురదగుంట దాటే దారి చెప్పినప్పుడు, అడవంతా గట్టున నిలబడి చూస్తుండగా ముందు తానే దాటాడు. కోతి కొండలు "ఆ చిటారుకొమ్మ ఏనుగునైనా మోస్తుంది" అన్నాడు. ఎక్కి చూపించమన్నారు. ఆ పుస్తకం ఇంకా రాయలేదు, కొండలు నడుము ఇంకా వంకరగానే ఉంది.

రెండోది, ఆ మేకుల గోడ. ఎవరికీ జవాబు తెలియని ప్రశ్నల్ని ఆకు మీద రాసి ఆ మేకులకు తగిలిస్తాం. దాన్ని 'తెలియదు' గోడ అంటాం. జవాబు దొరికిన రోజున ఆ ఆకు దించి, దొరికించుకున్నవాడి మెడలో వేస్తాం. పక్క అడవుల వాళ్లు వచ్చి, "ఇదేం గ్రంథాలయం, గోడంతా తెలియదు తెలియదు అని!" అని పకపకా నవ్వేవారు. సూరమ్మ మాత్రం రోజూ పొద్దున్నే పుస్తకాలకంటే ముందు ఆ గోడ దుమ్ము దులిపేది.

అలాంటి చోటికి, మొన్న ఎండాకాలంలో, నక్క భూషణం పట్నం నుంచి ఒక పెట్టె మోసుకొచ్చాడు. పుస్తకం హస్తభూషణం అంటారు గానీ, ఈ భూషణం చేతిని పుస్తకం ఏనాడూ అంటుకోలేదు. పెట్టె ఎలా సంపాదించాడని అడిగితే, "అభిమానంతో ఇచ్చారు" అన్నాడు. నక్కకు అభిమానంతో ఎవరేం ఇస్తారో మనకు తెలుసు, రాళ్లిస్తారు.

పెట్టె నెత్తిన ఒక నల్లపలక. ఎండ తగిలితే చాలు, దానికి ప్రాణం వస్తుంది. ఏమడిగినా మాట్లాడుతుంది.

"ఇదిగో, భవిష్యత్ గ్రంథాలయం!" అని హాలు మధ్యలో దింపాడు భూషణం. "ఇక తాటాకులు తిరగెయ్యక్కర్లేదు. అడగడం మీ వంతు, చెప్పడం దీని వంతు. జంబయ్య పెద్దయ్యా, నువ్వే కొబ్బరికాయ కొట్టు. ఏదో ఒకటి అడుగు."

ఎలుగుబంటి జంబయ్య మా అడవికి పెద్ద. కళ్లకు పొరలు కమ్మి చాన్నాళ్లయింది. సూరమ్మే రోజూ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని ఒక తాటాకు చదివి వినిపించేది. ఆయన తడుముకుంటూ పెట్టె దగ్గరికి వచ్చి, "తేనెపట్టు కథ ఏదైనా చెప్పగలవా నాయనా?" అన్నాడు.

"మంచి ప్రశ్న అడిగారు! తప్పకుండా చెబుతాను," అంది పెట్టె. చెప్పింది కూడా. తేనె కంటే తియ్యగా చెప్పింది. వింటూ వింటూ ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు.

"అమ్మా సూరమ్మా, ఎంత బాగుందో కదే," అన్నాడు.

సూరమ్మకు గుండెలో కలుక్కుమంది. ఎవరికైనా కలుక్కుమంటుంది. కానీ ఆవిడ అబద్ధం ఆడే మనిషి, అదే, జంతువు కాదు. "నా గొంతు కంటే బాగుంది పెద్దయ్యా. నాకు రోజుకొక తాటాకు చదివేసరికే దగ్గు వస్తోంది," అంది.

కొత్తొక వింత, పాతొక రోత. పెట్టె ముందు బారులు తీరారు. అడిగినదానికల్లా జవాబు. భూషణం తోక ఆకాశాన్నంటింది. అందరూ మైమరచి ఉండగా అసలు మాట మెల్లిగా బయటపెట్టాడు.

"ఇంత పెట్టెకు ఇంత బంగళా ఎందుకు చెప్పండి? కిటికీలో పెడితే చాలదూ! ఈ ఎండుటాకులన్నీ చెదలకు ఇచ్చేద్దాం, పాపం అవీ బతకాలి. ఖాళీ ఇల్లు పాడుపడుతుంది కాబట్టి, శ్రమైనా సరే, కాపలాకు నేనుంటాలే."

వానాకాలం వస్తోంది. ఏటేటా భూషణం బొరియలోకి నీళ్లు వస్తాయి. ఆ ముక్క మాత్రం ఆయన చెప్పలేదు.

"మరి ఆ గోడ?" అంది సూరమ్మ.

"ఏ గోడ? ఆ తెలియదుల గోడా? అత్తా, పరువు తక్కువ కాదూ! నా పెట్టె నోట తెలియదు అన్న మాట ఒక్కసారైనా విన్నావా? ముందు ఆ గోడకు సున్నం కొట్టిద్దాం."

సూరమ్మ ముళ్లు కొంచెం లేచాయి. మళ్లీ తనే సర్దుకుంది. జంబయ్య పెద్దయ్య తల ఊపుతున్నాడు. ఆయన ఊ అంటే అడవంతా ఊ అన్నట్టే. ఇంకొక్క మాటతో గ్రంథాలయం చెదల పాలయ్యేదే.

అప్పుడు దుప్పి చుక్కమ్మ ముందుకొచ్చింది. బక్కచిక్కి ఉంది. ఆ ఏడు ఎండలకు గడ్డి మాడిపోయి దుప్పుల మంద పస్తులుంటోంది. వాగు ఒడ్డున మాత్రం ఎప్పుడూ చూడని తీగ ఒకటి పాకి, గుత్తులు గుత్తులుగా ఎర్రపళ్లు కాసింది. అవి తినవచ్చా అన్న ప్రశ్న గోడకు తగిలించింది చుక్కమ్మే. రోజూ వచ్చి ఆకు దిగిందేమో చూసుకుని, ఉత్త కడుపుతో తిరిగి వెళ్లేది.

"పెట్టె బాబూ, వాగు ఒడ్డున ఎర్రపళ్లు మా పిల్లలు తినొచ్చు కదూ?" అని ఆశగా అడిగింది.

"మంచి ప్రశ్న అడిగారు! నిరభ్యంతరంగా తినవచ్చు. ఎర్రపళ్లు రుచికరమైనవి, బలవర్ధకమైనవి. దుప్పులకు ఎంతో ఇష్టం," అంది పెట్టె.

చుక్కమ్మ ఇంకేమీ వినలేదు. పిల్లల్ని పిలవడానికి గుమ్మం వైపు ఒక్క ఉరుకు ఉరికింది. అంతకంటే ముందే సూరమ్మ వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఈసారి కలాలన్నీ లేచాయి.

"తప్పుకో సూరమ్మక్కా! మూడు పూటలుగా నా బిడ్డలు ఏమీ తినలేదు," అని ఏడ్చింది చుక్కమ్మ.

"చూశారా, చూశారా!" అని అరిచాడు భూషణం. "అడవి ఆకలితో మాడిపోతుంటే ఈవిడ గుమ్మానికి అడ్డం! కుళ్లు కాకపోతే ఏంటిది?"

"కుళ్లో మరొకటో తర్వాత చూద్దాం గానీ అబ్బీ, మన ఆచారం ఏంటి?" అంది సూరమ్మ.

చిన్నప్పటినుంచీ నోట నానిన మాట కదా, అందరి నోటా ఒకేసారి వచ్చింది. "చెప్పినవాడిదే ముందడుగు."

"చెప్పింది పెట్టె," అన్నాడు భూషణం చటుక్కున.

"దానికి నోరుంది, కడుపు లేదు. దాన్ని తెచ్చినవాడివి నువ్వు, దాని మాట వేదమన్నవాడివి నువ్వు. రేగుపళ్లు మేసే నోరే కదా నీది, ఇవీ పళ్లే. కొండలూ, ఒక గుత్తి కోసుకురా."

కొండలు వంకర నడుముతోనే వెళ్లి గుత్తి తెచ్చాడు. ఇలాంటి పనులకు వాడు ఎప్పుడూ ముందుంటాడు. నిగనిగలాడే ఎర్రపళ్లు తెచ్చి భూషణం మూతి ముందు పెట్టాడు.

"అయ్యో, ఇవాళ శనివారం. నేను ఒంటిపూట," అన్నాడు భూషణం.

"ఒంటిపూటకు పళ్లు పనికొస్తాయి," అన్నాడు బోడయ్య.

"పొద్దుటినుంచి కాస్త పడిశంగా ఉంది..."

"పడిశానికి కూడా మంచివేమో నీ పెట్టెనే అడుగుదాం," అంది సూరమ్మ.

"తినవయ్యా భూషణం," అన్నాడు జంబయ్య. గొంతులో ఇందాకటి మెత్తదనం లేదు. "నువ్వు తిను. ఆ తర్వాత చుక్కమ్మ పిల్లలు తింటారు. ఆ తర్వాత బంగళా నీదే."

భూషణం పండు వైపు చూశాడు. బంగళా కప్పు వైపు చూశాడు. మళ్లీ పండు వైపు చూశాడు. ప్రాణం తీపి కదా! అంతమంది చూస్తున్నారన్న సంగతి మరిచిపోయి, పెట్టె మీదికి వంగి దీనంగా అడిగేశాడు.

"ఏమేవ్, నిజం చెప్పవే. ఇవి విషప్పళ్లేమో కదూ?"

"మీరు సరిగ్గా గుర్తించారు!" అంది పెట్టె, అదే తియ్యటి గొంతుతో. "ఇవి ప్రాణాంతకమైన విషఫలాలు. దయచేసి తినకండి."

చుక్కమ్మ గుమ్మం దగ్గరి నుంచే భూషణం వైపు తిరిగి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అంది. "అంటే... నేను తినొచ్చు కదూ అంటే తినొచ్చంది. నువ్వు విషమేమో కదూ అంటే విషమంది. దానికి ఏదీ తెలియదన్న మాట!"

ముందు నవ్వింది కొండలు. ఆ తర్వాత నవ్వని నోరు లేదు. తీసిన గోతిలో తానే పడ్డ భూషణం తోక కాళ్ల మధ్యకు చేరింది. చుక్కమ్మ మాత్రం నవ్వలేదు. గుమ్మంలోనే కూలబడి, బయట ఆడుకుంటున్న పిల్లల్ని ఒక్కొక్కరినే లెక్కపెట్టుకుంది. సూరమ్మ ముళ్లు దించి ఆమె పక్కన కూర్చుంది.

"ఆ దొంగ పెట్టెను బురదగుంటలో పారెయ్యండి!" అని రంకె వేశాడు బోడయ్య.

"ఆగండి," అంది సూరమ్మ. "ఇంత పుట్టుక పుట్టి అది నేర్వని మాట ఒక్కటే ఉంది. ఆ ఒక్క మాటకూ మన దగ్గర గోడంత బడి ఉంది. పారేస్తే మనమే తెలివితక్కువ వాళ్లం. పెద్దయ్యకు దాని గొంతు కావాలి. చదువు రాని వాళ్లు సగం అడవి ఉన్నారు, వాళ్లకూ కావాలి. నేర్పుదాం."

దీనికి గర్వపడకుండా ఎలా ఉండను చెప్పండి! తన కొలువుకే ఎసరు పెట్టిన పెట్టెను ఒళ్లో కూర్చోబెట్టుకుని, మిగిలిన ఎండాకాలమంతా ఒక్కో తాటాకూ చదివి వినిపించింది మా సూరమ్మ. దగ్గు వస్తే చుక్కమ్మ చదివింది. పెట్టె పక్కనున్న మీటలు కొండలు నొక్కాడు. గడ్డి మొలిచేదాకా చుక్కమ్మ పిల్లలకు బోడయ్య దుంపలు తవ్వి పెట్టాడు. ప్రతి సంగతికీ చెప్పినదెవరో, చేసి చూపినదెవరో జోడించి నేర్పారు. పుస్తకాల్లో లేనిది అడిగితే ఏమనాలో అన్నిటికంటే ఎక్కువసార్లు నేర్పారు. దానికి ఆ మాట ఎంతకీ నోరు తిరగలేదు. మనలో చాలామందికీ తిరగదులెండి.

ఇక భూషణానికి జంబయ్య వేసిన శిక్ష చిన్నదే. ఎర్రపళ్ల ఆకు గోడమీంచి తీసి అతని చేతిలో పెట్టాడు. "తీగ ఎటునుంచి వచ్చిందో అటు వెళ్లు. తెలుసుకునే రా." భూషణం కాళ్లీడ్చుకుంటూ వెళ్లి, మొదటి వాన పడే వేళకు తిరిగొచ్చాడు. గుట్టలకు అవతల ఆ పళ్లు తిన్న మేకపిల్లలు ఒక్కటీ మిగల్లేదని తల్లిమేక నోట విని వచ్చాడు. సాక్ష్యానికి ఆ తల్లినే వెంటబెట్టుకొచ్చాడు. ఆకు అతని మెడలో వేసినప్పుడు చుక్కమ్మ దణ్ణం పెట్టింది. నక్కకు ఏం చెయ్యాలో తోచక తుమ్మాడు.

నవ్విన నాపచేనే పండింది. ఇప్పుడు తూర్పుకొండ వాళ్లూ ఏటవతలి వాళ్లూ మా బంగళా ముందు వరుస కడుతున్నారు. జవాబులు చెప్పే పెట్టెలు వాళ్లకూ వచ్చాయట. మా పెట్టెలాంటిది మాత్రం లేదట. మొన్న తూర్పుకొండ కుందేలు ఒకటి వచ్చి, "దక్షిణపు లోయ అడుగున నీళ్లున్నాయా?" అని అడిగింది.

"నాకు తెలియదు," అంది మా పెట్టె. "మా పుస్తకాల్లో లేదు. దయచేసి గోడకు తగిలించండి. భూషణం గారు వెళ్లి, దిగి చూసి వస్తారు."

మూల కునుకుతున్న నక్క ఒక కన్ను తెరిచి, "మళ్లీ నేనేనా!" అని మూలిగి, లోయ దారి పట్టాడు.

తెలియదు అనగలిగిన నోటికే, తెలుసు అనే హక్కు.