వంత లేని పాట

శుక్రవారం సాయంత్రం ఆరు దాటితే పెద్దయ్య పేరు పోతుంది. మంగళవారం నుంచీ వకుళకు అన్నం సయించకపోవడానికి కారణం అదే.

పెద్దయ్య అంటే కొండప్పస్వామి. తంబుర భుజాన వేసుకుని, కదిరి చుట్టుపక్కల ఊళ్లన్నీ తత్వాలు పాడుకుంటూ తిరిగిన మహానుభావుడు. ఆయన సమాధి అయి పదకొండేళ్లయింది. ఆయన పాటలన్నీ ఆ సమాధి ఉన్న మఠం వెబ్‌సైట్లో భద్రంగా ఉన్నాయి. ఆ సైటు చిరునామా కూడా ఆయన పేరే. తెల్లవారుజామున ఆ పేరు కొట్టి ఒక పాట పెట్టుకోనిదే బండి కదిలించని లారీ డ్రైవర్లున్నారు. భక్తులైతే ఆ చిరునామాను సమాధి రాతి మీద కూడా చెక్కించారు.

ఆ సైటును ఉంచిన కంపెనీ ఇప్పుడు మూతపడుతోంది. శుక్రవారం సాయంత్రంలోగా ఎవరి సైటు వాళ్లు వేరే చోటికి తరలించుకోవాలనీ, ఆ తర్వాత పేర్లకు పూచీ తమది కాదనీ, సైటు చూసుకునే వకుళకు మంగళవారం మెయిలు పంపింది. గడువు దాటితే ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. పెద్దయ్య పేరు కొట్టిన వాళ్లకు అక్కడ ఏ పాడు బొమ్మలు కనబడతాయోనని వకుళ భయం.

వకుళ మఠం శిష్యురాలే కాదు, పదేళ్లు కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పిన మనిషి. పాటలనూ ఫోటోలనూ ఒక్క రోజులో కొత్త కంపెనీకి చేరవేసింది. ఇక పేరొక్కటే రావాలి. దానికి పాత కంపెనీ ఒక కోడ్ ఇవ్వాలి. ఆ కోడ్‌ను యజమాని మెయిలుకే పంపిస్తుంది.

యజమాని ఎవరు? పెద్దయ్య.

సైటు పెట్టిన రోజు, ఎవరి పేరున రాయాలన్న మాట వచ్చినప్పుడు మఠంలో ఒక్కరూ ముందుకు రాలేదు. "మన పేర్లెందుకు, ఆయన సొత్తు ఆయన పేరుమీదనే ఉండనీ" అన్నారు. దేవుడి మాన్యం దేవుడి పేరున రాసినట్టు, అప్పటికే సమాధిలో ఉన్న ఆయన పేరున రాశారు. ఆయన పేరుతోనే ఒక మెయిలు కూడా తెరిచారు. దాని పాస్‌వర్డ్ రాసుకున్న కాగితం ఏమైందో ఎవరికీ తెలియదు.

వకుళ కంపెనీకి ఫోన్ చేసింది.

"యజమాని గారిని ఒకసారి లైన్లోకి ఇవ్వండి మేడమ్" అన్నాడు అవతలి మనిషి.

"ఆయన లేరండీ."

"ఎప్పుడొస్తారు?"

వకుళ ఫోను పెట్టేసింది.

మిగిలిన దారి ఒక్కటే. ఆ మెయిలు తెరవబోయినప్పుడల్లా తెర మీద ఒకటే ప్రశ్న వస్తోంది. మీరు కొండప్పస్వామి గారేనా? అయితే మీ ఫోనుకు ఆరంకెలు పంపిస్తాం, అవి ఇక్కడ కొట్టండి. కింద ఆ ఫోను నంబరులో చివరి రెండంకెలు చూపిస్తోంది. నాలుగు, ఏడు.

ఆ రెండంకెలు వకుళకు తెలుసు. అది తిప్పేస్వామి నంబరు. మెయిలు తెరిచిన రోజు అతని ఫోనే ఇచ్చారు.

తిప్పేస్వామి ఇరవై ఏళ్లు పెద్దయ్య వెనకాల నడిచాడు. ఒక భుజానికి సంచి, ఇంకో భుజానికి టేపు రికార్డరు. పెద్దయ్య ఒక చరణం అంటే, దాన్నే మళ్లీ అందుకుని వంత పాడేది అతనే. ఈరోజు మఠంలో పాటలు మిగిలాయంటే అతని క్యాసెట్ల పుణ్యమే. కానీ అతనిది బొంగురు గొంతు. పైగా దగ్గు.

మూడేళ్ల కింద వకుళ కూర్చుని పాటలన్నీ శుభ్రం చేసింది. సైకిల్ గంటలు తీసేసింది, కోళ్ల కూతలు తీసేసింది, ఆ బొంగురు వంత కూడా కోసేసింది. పెద్దయ్య గొంతు ఒక్కటే మిగిలింది. తిప్పేస్వామి మంటపంలో కూర్చుని ఒక పాట చివరిదాకా విన్నాడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు గోరంట్లలో పంక్చర్ల అంగడి పెట్టుకున్నాడని విన్నది. ఆరోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

గురువారం మధ్యాహ్నానికి వకుళ ఇక ఉండబట్టలేక అవ్వ దగ్గరకు వెళ్లింది. అవ్వ పెద్దయ్యకు ముఖ్య శిష్యురాలు. ఆయన తర్వాత మఠానికి గురువు. వసారాలో చాట ముందు పెట్టుకుని కొర్రల్లో రాళ్లేరుతోంది.

వకుళ అంతా చెప్పుకుంది. "ఆ మనిషిని అడక్కుండా ఇంకేదైనా దారి చెప్పవ్వా."

"నాకేం తెలుసు పాపా కంప్యూటర్ల సంగతి? వానికి ఫోను లేదా?"

"ఉంది."

"నీకు?"

"ఉందవ్వా. కానీ..."

"మళ్లా?"

"ఎత్తడు. ఎత్తినా ఇవ్వడు. ఇచ్చినా బతికినన్నాళ్లూ దెప్పుతాడు. నేను చేసిన తప్పేమిటవ్వా? పెద్దయ్య గొంతు తేటగా వినబడాలనే కదా!"

"తేటగానే ఉండాది" అంది అవ్వ, ఒక రాయి ఏరి పక్కన పెడుతూ. "సాయంత్రం భజనకు నువ్వే ఎత్తుకో. ఆ 'ఇల్లు మారిన దీపం' పాడు."

వకుళకు ఏడుపొచ్చింది. గడువు ఒక్క రోజుంది, ఈ అవ్వ పాట పాడమంటోంది. అయినా గురువు మాట.

దీపాలు పెట్టే వేళకు ఇరవై మందిదాకా చేరారు. అవ్వ తంబుర తెచ్చి వకుళ ఒళ్లో పెట్టింది. తర్వాత జనం వైపు తిరిగి, పెదాల మీద వేలు పెట్టి కూర్చుంది. వకుళ అది చూడలేదు. కళ్లు మూసుకుని ఎత్తుకుంది.

"ఇల్లు మారిన దీపమేరా, వెలుగు మారదు చూడరా..."

వంత రాలేదు. మరిచిపోయారేమో అనుకుని మళ్లీ అంది. మళ్లీ రాలేదు. కళ్లు తెరిచి చూస్తే ఇరవై మందీ నోళ్లు మూసుకుని కూర్చున్నారు. ఎత్తిన తత్వాన్ని మధ్యలో వదలకూడదని ఆ మఠంలో కట్టుబాటు. రెండో చరణం ఎత్తుకుంది, దాని మీదే మూడోది. ఆ మూడో చరణం పొడుగు. సగానికి వచ్చేసరికి గొంతు ఎండింది. శ్రుతి జారింది. ఒక మాట మధ్యలో ఊపిరి తెగి, ఆగిపోయింది.

"డెబ్బై ఏళ్లప్పుడు పెద్దయ్య ఇవన్నీ తెల్లార్లూ పాడినాడు" అంది అవ్వ మెల్లగా. "ఊపిరి యాడ తీసుకున్నాడు పాపా?"

వకుళ తంబుర మీద చెయ్యి తీయకుండా అలాగే కూర్చుండిపోయింది. మూడేళ్ల కింద కోసేటప్పుడు విన్నదంతా మళ్లీ చెవుల్లోకి వచ్చింది. ప్రతి పాటలో, ప్రతి చరణం చివర, ఆ బొంగురు గొంతు అందుకునేది. దాని అడుగున, చాలా సన్నగా, ముసలాయన గాలి పీల్చుకునే చప్పుడు ఉండేది. దాన్ని కూడా తీసేసింది, పనికిరాని చప్పుడని.

తంబుర పక్కన పెట్టి వసారాలోకి వెళ్లి ఫోన్ చేసింది.

మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి ముందు దగ్గు వినిపించింది, తర్వాత గొంతు.

"ఎవరూ?"

"నేనన్నా. వకుళని."

అవతల ఎవరో టైరుకు గాలి కొడుతున్న చప్పుడు. అది ఆగింది. "అవ్వకేమన్నా అయిందా?"

"లేదన్నా, అవ్వ బాగుంది."

"మళ్లేంది?"

మూడు రోజులుగా మనసులో కూర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టింది. "అన్నా, నేను వంత కోసేసిన పాటలు... ఆ అసలు టేపులు నీ దగ్గరున్నాయా?"

"రేకు పెట్టెలో ఉండాయి. బూజు పట్టకుండా చూసుకుంటాండా." మళ్లీ దగ్గాడు. "ఏం, ఇంకా కొయ్యాల్సింది మిగిలిందా?"

"లేదన్నా. మళ్లీ కలపాలి."

"దగ్గు కూడానా?"

"దగ్గు కూడా."

అప్పుడు పేరు సంగతి చెప్పింది. "అయ్యో పిచ్చిదానా, ఇది ముందు చెప్పొద్దా! పంపీ, పంపీ" అన్నాడు తిప్పేస్వామి.

అంకెలు పంపమని వకుళ తెర మీద నొక్కింది. పది నిమిషాల్లో ఆ ఆరంకెలూ కొట్టాలి.

"వచ్చిందా అన్నా?"

"రాలా. ఈడ సిగ్నల్ చచ్చింది. ఉండు, రోడ్డు మీదికి పోతా." అడుగుల చప్పుడు. బస్సు హారను. "ఇదో, వచ్చింది. నా అద్దాలు యాడ పెట్టినానో..."

తెర మీద నిమిషాలు తరిగిపోతున్నాయి. ఏడు. ఆరు. వకుళ పెద్దయ్య సమాధి వైపు చూస్తూ నిలబడింది.

"ఆ, చెప్తాండా. రాసుకో. ఏడు."

"ఏడు" అంది వకుళ.

"సున్నా."

"సున్నా."

"మూడు."

"మూడు."

అతను ఒకటి అనడం, దాన్నే ఆమె మళ్లీ అనడం. లోపల జనం అంతా వింటున్నారు. ఆరో అంకె కొట్టగానే, మీరు కొండప్పస్వామి గారేనా అన్న ప్రశ్న తెర మీద నుంచి పోయింది. మెయిలు తెరుచుకుంది. పాత కంపెనీని కోడ్ అడిగితే నిమిషంలో పంపింది. కొత్త కంపెనీ పేజీలో దాన్ని పెట్టింది. పేరు తరలింపు మొదలైందని సమాధానం వచ్చింది.

"అయిందా?" అన్నాడు తిప్పేస్వామి. "అయితే పెట్టేస్తాండా."

"పెట్టొద్దన్నా."

"పాపా" అని లోపలి నుంచి అవ్వ కేక. "పాట సగంలో ఉండాది."

వకుళ లోపలికి వచ్చింది. ఫోను స్పీకర్లో పెట్టి, "వంత అందుకో అన్నా" అని, తంబుర పక్కన నేల మీద ఉంచింది. తంబుర ఒళ్లోకి తీసుకుని, పాటను మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుని ఒక చరణం పాడింది. పాడి, ఆగి, ఊపిరి తీసుకుంది.