మాడని రొట్టె

దుప్పటి కింద ఏం నములుతున్నావే బుల్లీ? నోరు తెరువు. మామిడి తాండ్ర అయిపోయిందని చెల్లాయితో చెప్పింది నువ్వే కదూ? అది ఏడ్చి ఏడ్చి పడుకుంది. తిన్నందుకు కాదు నాకు కోపం, అయిపోయిందన్నావే, అందుకు. ఇటు తిరిగి పడుకో. ఊఁ కొడుతూ విను.

అనగనగా మామిడితోటల నడుమ ఒక ఊరు. ఆ ఊళ్ళో తాయారమ్మ అని ఒకావిడ. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. పొద్దుగూకితే ఆవిడ మాటకి బదులు పలికేది గోడమీది బల్లి ఒక్కటే.

ఆ వీధిలో అన్నీ తాటాకిళ్ళు. ఎండాకాలం గాడ్పుకి ఒక్క నిప్పురవ్వ ఎగిరిందా, వీధి వీధంతా బూడిదే. అందుకని వాళ్ళొక కట్టడి పెట్టుకున్నారు. వంటవగానే ఎవరి పొయ్యి వాళ్ళు ఆర్పెయ్యాలి. వీధి మొత్తానికీ ఒక్క ఇంట్లోనే నిప్పు కాపాడాలి. ఇంటికి పదేసి రోజులు వంతు. మిగతావాళ్ళు అక్కడికే వెళ్ళి పిడకమీద నిప్పు తెచ్చుకోవాలి. తీపి వండుకుంటే, నిప్పిచ్చిన ఇంటికి తొలి ముక్క పంపాలి.

సాయంత్రమైతే ఆ నిప్పున్న ఇంటి అరుగు ఖాళీ ఉండేది కాదు. నిప్పుకొచ్చినవాళ్ళు కూర్చుని, కబుర్లాడి, నవ్వుకుని వెళ్ళేవారు. ఆ వేసవికి ఆఖరి వంతు తాయారమ్మది. పది రోజులు తన అరుగుమీదా మనుషులుంటారని ఉగాది నుంచీ కాచుకుని ఉంది.

మొదటి వంతు వడ్రంగి పేరయ్య ఇంటిది. తాయారమ్మ వాళ్ళింట్లో నిప్పు తెచ్చుకుని మామిడిపండు రొట్టెకి కూర్చుంది. మట్టిమూకుడుకి నెయ్యి రాసి, పండు ముక్కలు పరిచి, బెల్లం చల్లింది. అప్పుడు పాలతో జారుగా కలిపిన బియ్యప్పిండి పైన పోసి, మూతపెట్టి, కిందా నిప్పులే, మూతమీదా నిప్పులే వేసింది. కాసేపటికి పండురసం, బెల్లం కలిసి అంచులమ్మట కుతకుతలాడాయి. పైన పెచ్చు ఎర్రగా కాలింది.

తొలి ముక్క కోసింది. అంచు ముక్క, కరకరలాడేది. పంపబుద్ధి కాలేదు. నోట్లో వేసుకుంది. ఆ తర్వాత రెండోది. మర్నాడు పేరయ్య పెళ్ళాం చిట్టెమ్మ రొట్టె ఎలా కుదిరిందని అడిగితే, మాడిపోయిందని చెప్పింది. చిట్టెమ్మ పాపం నమ్మింది. పోనీలే వదినా అని ఓదార్చింది.

ఆ తర్వాత వంతు పెద్దావిడ బాపనమ్మది. మళ్ళీ రొట్టె, మళ్ళీ అదే మాట. నిప్పులమీద కాస్త బూడిద కప్పాలమ్మా అని బాపనమ్మ దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది.

మూడో వంతు సాలెవారి కోడలు కనకానిది. మూడోసారీ మాడిందనే చెప్పింది. కనకం జాలిపడి, తన పిల్లలకి దాచిన పెరుగన్నం తెచ్చి పెట్టింది. కడుపునిండా రొట్టె తిన్న తాయారమ్మ ఆ పెరుగన్నమూ తినాల్సి వచ్చింది. అయినా నిజం చెప్పలేదు.

అప్పుడు తాయారమ్మ వంతు వచ్చింది. తెల్లవారుతూనే అరుగు అలికింది, ముగ్గు పెట్టింది, కొత్త కుంపటి తెచ్చి గుమ్మంలో పెట్టుకుంది. నిప్పు తెస్తుందనుకున్న కనకం రాలేదు, బాపనమ్మ ఉత్త చేతులతో వచ్చింది.

"అమ్మాయ్, ఏమీ అనుకోకు. మూకుడు కింది నిప్పే మూడుసార్లు నీ అదుపులో ఉండలేదు. ఈ గాడ్పుల్లో వీధి నిప్పు నీకెలా అప్పగిస్తాం చెప్పు? నీ వంతు కూడా కనకమే చూస్తుందిలే."

మాడలేదత్తా అన్న మాట తాయారమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. ఆ మాటంటే, ఆ మూడు రొట్టెలూ ఏమయ్యాయో చెప్పాలి.

"సరే అత్తా" అంది.

చూశావా బుల్లీ? అబద్ధం దొరికిపోతే తిట్లతో పోను. ఆవిడ అబద్ధాన్ని అందరూ నమ్మారు.

సాయంత్రం పిడక పట్టుకుని కనకం ఇంటికి వెళితే, కనకం నిప్పు కూడా ఇవ్వలేదు. నీకెందుకు పిన్నీ ఈ తంటా, మేమే వండి పంపుతాం అంది. మంచివాళ్ళు, అన్నంత పనీ చేశారు. వంతులవారీగా గిన్నె వచ్చేది, గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయేవారు. నిప్పుకి వెళ్ళే పనీ లేదు, ఆ అరుగుమీద కూర్చునే పనీ లేదు.

మరుసటి వేసవీ అంతే. ఆ పై వేసవీ అంతే. ఎదురరుగుమీద నవ్వులు వింటూ, వెలగని కుంపటి పక్కన పెట్టుకుని, తాయారమ్మ ఒక్కతే ఆ గిన్నెలో అన్నం తినేది. బతికినన్నాళ్ళూ అలాగే తింది.

కథ చేరె కంచికి,
కునుకు చేరె కంటికి,
దాచిన ముక్క తెల్లారేసరికి
చేరాలి చెల్లాయి చేతికి.